భుజం మీది చేయి

"ఇవాళ నా భుజమ్మీద చెయ్యేసింది మా అక్కా, మా షిఫ్ట్ ఇన్‌చార్జా?"

రాత్రి భోజనాల దగ్గర చిన్నకోడలు అడిగిన ఈ ప్రశ్నకు తెల్లవారినా ఆ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పవలసిన మనిషి పెద్దకోడలు. ఆమె అప్పుడు మంచినీళ్ళ గ్లాసు అందుకుని, సగం తాగి, బల్ల మీద అంతకుముందు పడిన తడి గుండ్రంలోనే దాన్ని జాగ్రత్తగా తిరిగి పెట్టి, "నువ్వు బాగా అలిసిపోయావు. పడుకో. పొద్దున మాట్లాడుకుందాం," అంది.

పొద్దున అయింది. మాట్లాడుకోవడం మాత్రం కాలేదు.

చిన్నకోడలు అందరికంటె ముందే లేచి ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. ఉతికిన బట్టలన్నీ ఇస్త్రీ చేసింది. అవి అయిపోయాక దిండు గలీబులు. అవీ అయిపోయాక కిటికీ పరదాలు. ఆమె భర్త, లిఫ్టులు బాగుచేసే మనిషి, చేతిరుమాలు కోసం ఆ గదిలోకి వచ్చి, ఒంటిమీది చొక్కా కూడా విప్పి ఇవ్వవలసి వస్తుందేమోనన్న భయంతో గోడవారగా తప్పుకుని వంటింట్లోకి వచ్చిపడ్డాడు.

"వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "రాత్రి నేనొచ్చేసరికి భోజనాలయిపోయాయి. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. నేనేం తప్పు చేశానో చెబితే ఒప్పేసుకుంటాను. చెయ్యకపోయినా ఒప్పేసుకుంటాను."

"నువ్వేం చెయ్యలేదయ్యా."

"అదే నా తప్పేమో మరి. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే లోపలున్న మనిషిని బయటికి తియ్యడం నాకు తెలుసు. కానీ లోపల్నించి కాస్త తలుపు కొట్టాలి కదా! అసలు చప్పుడే లేకపోతే ఎక్కడ ఇరుక్కుందో ఎలా తెలుస్తుంది?"

"తనకి కొంచెం సమయం ఇద్దాం," అంది పెద్దకోడలు. "తన బాధ మనకి అర్థమైందని తనకి తెలిస్తే చాలు."

మరిది ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. మంచివాడు, మాట తూచి మాట్లాడతాడు.

"ఏమనుకోకండి వదినా. ఆ గొంతు ఆఫీసుది కదూ?"

మూలన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తల ఎత్తకుండానే నవ్వింది. ఆవిడ ఒక బడిలో లెక్కల పాఠం చెప్పి రిటైరయిన మనిషి. ఎవరి లెక్క ఎక్కడ తప్పిందో ఆవిడకు మొదటి వరుస దగ్గరే తెలిసిపోతుంది; కానీ పిల్లలు చివరిదాకా చేసి తమంతట తాము పట్టుకునేవరకు చెప్పకపోవడం ఆవిడ అలవాటు.

పెద్దకోడలి గొంతు గురించి ఆ ఇంట్లోనే కాదు, ఆమె, చిన్నకోడలు ఇద్దరూ ఫోన్ల దగ్గర పనిచేసే అత్యవసర సహాయ కేంద్రమంతటా చెప్పుకుంటారు. ఇల్లు కాలిపోతోందని అరిచేవాడు కూడా ఆ గొంతు వినగానే తన వీధి పేరు స్పష్టంగా చెప్పగలుగుతాడు. ఆ గొంతును చూసే ఆమెను షిఫ్ట్‌కు ఇన్‌చార్జిని చేశారు. చేసినవాళ్ళు అంతటితో ఊరుకోక ఒక శిక్షణ తరగతికి పంపారు. చల్లటి గదిలో, పెద్ద తెర మీద, 'నాయకత్వంలో భావోద్వేగ ప్రజ్ఞ' అని రాసి చూపించారు. ఎదుటి మనిషి బాధ ఏమిటో పైకి చెప్పండి, ఆ బాధ మీకు అర్థమైందని చెప్పండి, గొంతు పెంచకండి, అన్నారు. అన్నీ మంచి మాటలే. ఆ బాధ మీవల్లే కలిగినప్పుడు ఏమి చేయాలన్నది మాత్రం ఆ తెర మీదికి రాలేదు. భోజన విరామం వచ్చింది.

"అక్కా."

చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మడత పెట్టిన యూనిఫారం చొక్కా. లేత నీలిరంగు, జేబు మీద కేంద్రం గుర్తు. ఆ మడతలు ఎంత నిటారుగా ఉన్నాయంటే, ఆ చొక్కాను ఇక ఎవరూ తొడుక్కోనక్కరలేదన్నట్టు ఉన్నాయి.

"ఆఫీసుకెళ్తూ ఇది ఇచ్చెయ్యి."

"ఇవాళ మధ్యాహ్నం డైరెక్టరుగారు నిన్ను రమ్మన్నారు. నువ్వే వచ్చి నీ మాట చెప్పుకో."

"ఏం చెప్పుకోను? కాల్ నడుస్తుండగా హెడ్‌సెట్ తీసేసింది నేను. రికార్డింగులో అదే ఉంది. తీసేయించిందెవరో అందులో లేదు." ఆమె చొక్కాను బల్ల మీద పెట్టింది; పెట్టి, అంచు సరిచేసింది. "అయినా ఉద్యోగం గురించి కాదక్కా నా బాధ. ఆ గదిలో నా వెనక ఎవరైనా నిలబడితే ఇకమీదట నాకు భయమేస్తుంది. భయపడేదాన్ని నేను ఇంకొకళ్ళకి ధైర్యమేం చెప్తాను?"

"నీకు ఎంత కష్టంగా ఉందో నేను అర్థం చేసుకోగలను..."

"అలా అనకు!"

ఆ కేక ఆ ఇంటికి కొత్త. మరిది చేతిలోని రుమాలు జారిపడింది. చిన్నకోడలు తన కేకకు తానే ఉలిక్కిపడి, నెమ్మదిగా, దాదాపు బతిమాలుతున్నట్టు అంది: "అలా మాత్రం అనకక్కా. ఇంకేమైనా అను. తిట్టు."

ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి ఇస్త్రీపెట్టె మళ్ళీ బుస్సుమంది.

ఆ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి వెనకనుంచి ఎవరేమన్నా వినబడదు. వినబడినా వినకూడదు, అవతల ఒక ప్రాణం ఆ గొంతును పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. అందువల్ల ఇన్‌చార్జి ఏ కాల్‌నైనా తన చేతికి తీసుకోదలిస్తే, ముందు తన హెడ్‌సెట్ వైరును అదే బల్లకు తగిలించి, లైను వినవస్తోందని రూఢి చేసుకుని, ఆ తరువాతనే ఆ మనిషి భుజం మీద చేయి వేయాలి. చేయి పడిందంటే, 'లైను నా దగ్గరుంది, నువ్వు వదిలెయ్' అని. భుజం మీద చేయి పడిన మనిషి ప్రశ్నించదు, వెనక్కి తిరిగి చూడదు. మాట ఆపి హెడ్‌సెట్ తీసేస్తుంది. అందుకే ఆ గదిలో ఎవరూ ఎవరి భుజమూ ఊరికే తట్టరు. పుట్టినరోజు నాడు కూడా దూరంనుంచే చప్పట్లు కొడతారు.

నిన్న ఉదయం ఫోను చేసినవాడు ఒక ముసలి దర్జీ. భార్య కుట్టుమిషను పక్కనే కూలబడిపోయింది. ఊపిరి తీసుకోవడం లేదు. అంబులెన్స్ బయలుదేరింది. అది చేరేదాకా, ఫోను స్పీకరులో పెట్టి పక్కన ఉంచి, ఆవిడ గుండె మీద రెండు చేతులతో నొక్కుతూ ఉండాలి.

"నేను దర్జీనమ్మా, ఇవన్నీ నాకేం తెలుస్తాయి?" అన్నాడతను ఏడుస్తూ.

"మిషను తొక్కుతారు కదా తాతగారూ? ఆగకుండా తొక్కుతారు చూడండి, అదే ఊపు. ఈసారి కాళ్ళతో కాదు, చేతులతో. నేను లెక్కపెడతాను, మీరు నొక్కండి," అంది చిన్నకోడలు.

ఆ మాట ఏ తరగతిలోనూ నేర్పరు. ఆమెను ఆ గదిలో పిచ్చుక అంటారు, గబగబా మాట్లాడుతుందని. ఆ పిచ్చుక ఆ పూట తొందరపాటనేది ఎరగనట్టు, ఒక్కొక్క అంకెనూ ముసలివాడి అరచేతి కింద పెడుతున్నట్టు లెక్కపెట్టింది.

వెనక నిలబడి ఉన్న పెద్దకోడలికి ఆ లెక్క వినబడుతూనే ఉంది. దానితోపాటు ఇంకొకటి కనిపించింది. ఆ గొంతు వణకడం లేదు గాని, గడ్డం కింద నుంచి కన్నీళ్ళు బల్ల మీద పడుతున్నాయి. చిన్నకోడలి తండ్రి పోయినేడు సరిగ్గా ఇలాగే కూలబడి పోయాడు. ఆ రోజు ఆయన పక్కన లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. అది పెద్దకోడలికి తెలుసు. ఆ కబురు వచ్చిన రోజు ఆ పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆమే.

చేయి దానంతట అది వెళ్ళింది. భుజం మీద పడింది.

వైరు ఆమె మెడలోనే వేలాడుతోంది.

చిన్నకోడలు మాట ఆపి, హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. లైను అక్క దగ్గరుందని ఆమె అనుకుంది. పిల్ల ఇక తట్టుకోలేక తీసేసిందని, కుప్పకూలుతుందేమోనని అక్క అనుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. బల్ల మీది హెడ్‌సెట్‌లోంచి ఒక గొంతు, దోమ రొదంత సన్నగా, వస్తూనే ఉంది.

"అమ్మా? ఉన్నావా అమ్మా?"

ఆ నిశ్శబ్దం ఎంతసేపో రికార్డింగు చెబుతుంది. దాన్ని కొలిచి ఇక్కడ రాయనవసరం లేదు. పెద్దకోడలు హెడ్‌సెట్ అందుకునేసరికి ముసలివాడి చేతులు ఆగిపోయి ఉన్నాయి.

మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి ఆ కాల్ వినిపించారు. లెక్కపెడుతున్న గొంతు ఆగిపోవడం అందరూ విన్నారు. రికార్డింగులో గొంతులు ఉంటాయి, చేతులు ఉండవు. ప్రతివాడూ తన బల్ల ముందు తన కాల్‌లో మునిగి ఉన్నాడు గనుక ఆ చేతిని చూసినవాళ్ళూ లేరు. చెప్పవలసింది ఆ చేయి ఎవరిదో వాళ్ళు. అప్పుడు పెద్దకోడలు లేచి, తన ప్రఖ్యాతమైన గొంతుతో, "నీ మనసు ఎంత బరువెక్కి ఉందో మాకందరికీ అర్థమవుతోంది. ఇది నీ తప్పని ఎవరూ అనడం లేదు. ప్రస్తుతానికి నువ్వు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో," అంది.

ఎంత అందంగా మాట్లాడిందని అందరూ తలలు ఊపారు. అరిచి తరిమేసి ఉంటే ఎవరో ఒకరు అడ్డం వచ్చేవారు. మెత్తగా తోసిన మనిషికి అడ్డం రావాలని ఎవరికి తోస్తుంది?

"ఆ చొక్కా ముట్టుకోకు," అంది అత్తగారు.

ఇవాళ పొద్దున మరిది అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. వంటింట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే ఉన్నారు. పెద్దకోడలు బల్ల మీది చొక్కా వైపు చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

"తను ఇచ్చెయ్యమంది అత్తయ్యా."

"ఇవ్వాల్సి ఉంటే తనే ఇస్తుంది. ఆ చిన్నదాన్ని నేను తీసుకొస్తాను."

"తనకి ఇష్టం లేకుండా బలవంతపెడితే..."

"అమ్మాయ్, ఇంట్లో కూడా రికార్డవుతోందా ఏమిటి?" అత్తగారు బఠాణీల గిన్నె పక్కకు పెట్టింది. "నువ్వీ ఇంటికొచ్చి ఎన్నేళ్ళయింది! నాతో ఒక్కసారి పోట్లాడావా?"

పెద్దకోడలు తెల్లబోయింది. ఇంతకాలం అది తన గొప్ప అనుకుంది ఆమె.

"నాకెప్పుడూ ఆ అవసరం రాలేదు అత్తయ్యా."

"రాకపోవడమేం? ఇల్లు ఊడ్చే విషయంలో నేను పెట్టిన సణుగుడికి దేవత అయినా చీపురు విసిరి కొట్టేది. నువ్వు 'మీరు చెప్పింది నిజమే అత్తయ్యా' అనేదానివి. ఆ చిన్నది వచ్చిన మూడోనాడే, 'మీరే ఊడ్చుకోండి' అని నా చేతికిచ్చి కూర్చుంది. ఆ రోజు సాయంత్రం ఇద్దరం కలిసి నవ్వుకున్నాం. అది నాదైపోయింది." ఆవిడ గొంతు మెత్తబడింది. "నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. కానీ ఒక్కటి చెప్పనా? చుట్టాలింటికి వచ్చిన మనిషిలా ఉంటావు. ఎప్పుడో ఒకప్పుడు నామీద అరుస్తావని, అప్పుడు నువ్వూ నాదానివవుతావని ఎదురుచూస్తూనే ఉన్నాను."

పెద్దకోడలు కుర్చీలో కూర్చుంది.

"ఆ చెయ్యి నాదే అత్తయ్యా."

"తెలుసు."

"తను చెప్పిందా?"

"తను అడిగింది, అంతే. చెప్పింది నీ చెయ్యే. నిన్న రాత్రి అన్నం ముట్టకుండా, కుడిచెయ్యి ఒళ్ళోనే దాచుకుని కూర్చున్నావు. ఎడంచేత్తో నీళ్ళు తాగావు."

ఆ మాటకు పెద్దకోడలు తన కుడిచేతి వైపు చూసుకుంది. ఎవరిదో చేయి పొరపాటున తన ఇంటికి వచ్చినట్టు చూసుకుంది.

"నిన్న అందరిముందూ ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే లేచాను. నోరు తెరిచేసరికి ఆ మాటలే వచ్చాయి. అందరూ తలలూపుతుంటే..." ఆమె ఆగింది. "అందరూ తలలూపుతుంటే అవి నిజమేనేమో అనిపించింది."

అత్తగారు లేచి, కోడలి వెనకగా వచ్చి నిలబడి, చేయి ఎత్తింది. ఎందుకో ఆగి, ఎదురుగా వచ్చి, రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుంది.

"వెళ్ళు. ఆలస్యమవుతోంది. ఆ పిల్లని నేను తీసుకొస్తాను. ఎలా అని అడక్కు."

కేంద్రంలో డైరెక్టరు గది గాజు గోడలది. ఆయన తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచుతాడు. తెరిచి ఉంచుతానని ప్రతి సమావేశంలోనూ చెబుతాడు.

"రండి, రండి. నిన్నటి విషయం మీరెంత చక్కగా నడిపారో అందరూ చెప్పుకుంటున్నారు. ఆవిడ మీ తోడికోడలని నాకు తెలుసు. అయినా ఎంత సంయమనం! కొత్త ఇన్‌చార్జిల శిక్షణలో ఇది ఒక ఉదాహరణగా పెడదామనుకుంటున్నాను."

"సర్, ఆ విషయంలో ఒక మాట చెప్పాలి."

"తర్వాత చెబుదురుగాని. ముందు ఇది అర్జెంటు. ఆ దర్జీ పెద్దాయన పొద్దుట్నుంచి ఆఫీసు నంబరుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు."

"ఆవిడ ఎలా ఉన్నారు?"

"ఆస్పత్రిలో ఉంది. గుండె కొట్టుకుంటోంది, కళ్ళు తెరవలేదు. ఆయన గొడవేం పెట్టుకోవడం లేదు, పాపం. ఏదో అడుగుతున్నాడు. మళ్ళీ లైనులో ఉన్నాడు. మీరు మాట్లాడి ఊరడించండి. మీ గొంతు వింటే ఆయన ఊరుకుంటాడు." ఆయన ముందుకు వంగాడు. "ఒక్కటే జాగ్రత్త. మనవైపు పొరపాటు జరిగిందన్న అర్థం వచ్చే మాట ఏదీ లైను మీద అనొద్దు. ఆవిడ మీద నేను నిర్ణయం తీసుకునేవరకైనా."

"ఏ ఆవిడ మీద సర్?"

"మీ తోడికోడలు. ఫోన్ల దగ్గర్నుంచి తప్పించడం ఖాయం. ఇంకా ఉంచాలా వద్దా అన్నది మధ్యాహ్నం చూద్దాం. మీరు బాధపడకండి. మీమీద ఎలాంటి మచ్చా రాదు."

పెద్దకోడలు బయటికి వచ్చింది. గదిలో బల్లలన్నీ నిండి ఉన్నాయి, కిటికీ పక్కది తప్ప. అది పిచ్చుకది. ఆమె వేరే ఎక్కడా చోటు లేనట్టు దానిముందే కూర్చుని, తన వైరు తగిలించుకుంది. ముందు వైరు. ఈసారి మరిచిపోలేదు.

"చెప్పండి పెద్దాయనా. నేను ఇక్కడ ఇన్‌చార్జిని."

"అమ్మా, నిన్న రెండోసారి మాట్లాడింది నువ్వే కదూ?"

"నేనేనండి."

"మొదట మాట్లాడిన అమ్మాయి ఏదమ్మా? ఆ పిల్లకేమీ కాలేదు కదా?"

పెద్దకోడలు ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు.

"బాగానే లెక్కపెడుతోంది, ఉన్నట్టుండి మాటే లేదు. పడిపోయిందేమో, ఏమైపోయిందోనని నా చేతులాగిపోయాయి. ఆ పిల్ల గురించి ఆలోచిస్తూ మా ముసలిదాన్ని వదిలేశానమ్మా." ముసలివాడి ఊపిరి వినబడింది. "డాక్టర్లు మంచివాళ్ళు. ఏమీ అనరు. నర్సమ్మ టీ కూడా ఇచ్చింది. అందరూ నన్ను ఊరుకోబెడుతున్నారు. నువ్వన్నా నిజం చెప్పు. నేను ఆపినందుకేనా ఆవిడ కళ్ళు తెరవడం లేదు?"

"మీరెంత బాధపడుతున్నారో నాకు అర్థ..."

ఆ మాట సగంలో తెగింది.

గది తలుపు తెరుచుకుంది. ముందు అత్తగారు, చంకన సంచితో. వెనక చిన్నకోడలు, ఇంటి బట్టల్లో, ఇస్త్రీ వేడికి ఎర్రబడిన చేతులతో. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు తన బల్ల మీద, దానిముందు కూర్చున్న మనిషి మీద పడ్డాయి.

పెద్దకోడలు ఆమెను చూస్తూనే మాట్లాడింది.

"పెద్దాయనా, మీరు ఆపలేదు. ఆ అమ్మాయీ ఆపలేదు. ఆపింది నేను."

పక్క బల్లల దగ్గర తలలు తిరిగాయి.

"మాకిక్కడ ఒక పద్ధతుంది. లైను నా చేతికి తీసుకున్నాకనే తన భుజం మీద చెయ్యి వెయ్యాలి. చెయ్యి పడితే తను మాట ఆపెయ్యాలి. నేను లైను తీసుకోకుండా చెయ్యేశాను. తను పద్ధతి ప్రకారం ఆపేసింది. మీకు ఎవరి మాటా వినపడలేదు. మీరు ఆగిపోయారు. ఇదీ జరిగింది. దానివల్లే ఆవిడ కళ్ళు తెరవడం లేదా అంటే, నాకు తెలియదు. కాదని చెప్పి మిమ్మల్ని ఊరుకోబెట్టలేను. కానీ అది ఎవరివల్ల అయినా మీవల్ల మాత్రం కాదు."

గాజు గదిలో డైరెక్టరు లేచి నిలబడ్డాడు.

"ఎందుకమ్మా అలా చేశావు?" అని అడిగాడు ముసలివాడు. కోపం లేదు. మిషను మీద దారం ఎందుకు తెగిందని అడిగినట్టు అడిగాడు.

రాత్రినుంచి ఆ ఇంట్లో తిరుగుతున్న ప్రశ్నే, వేరొకరి నోట, వేరొక చోట.

"ఆ అమ్మాయి నాకు చెల్లెలు." పెద్దకోడలి గొంతు మొదటిసారి జారింది; ఆ గదిలో ఎవరూ వినని గొంతు అది, గరుకుగా, ఎత్తుపల్లాలతో. "మీతో లెక్కపెడుతూ ఏడుస్తోంది. చూడలేకపోయాను. ఇన్‌చార్జిగా చెయ్యేసి ఉంటే ముందు వైరు తగిలించేదాన్ని. అక్కగా వేశాను. అందుకే మరిచిపోయాను. నిన్న మధ్యాహ్నం అందరిముందూ మంచిమాటలు చెప్పి తనని ఇంటికి పంపింది మాత్రం అక్క కాదండి. ఆ చెయ్యి ఎవరిదో బయటపడుతుందని భయపడ్డ మనిషి."

అవతల ఫోను ఒక చెవినుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడయింది.

"ఏడ్చిందా?" అన్నాడు ముసలివాడు. "నాతో లెక్కపెడుతూ ఏడ్చిందా? గొంతులో తెలియనే లేదే! అమ్మా, ఆ పిల్లని ఒక్కసారి పిలుస్తావా? ఆవిడకి వినిపించాలి. నర్సమ్మ చెప్పింది, తెలిసిన గొంతు వింటే మంచిదని. నిన్న ఆవిడ గుండె మీద లెక్కపెట్టిన గొంతు ఆ పిల్లదే."

చిన్నకోడలికి ఆ మాటలు వినబడలేదు. కానీ అక్క ముఖంలోంచి ఏవో చదువుకుంటూ ఆమె గుమ్మం దాటి, బల్లలమధ్యగా నడిచి వచ్చింది. బల్ల పక్కన కొక్కేనికి తగిలించి ఉన్న తన హెడ్‌సెట్ అందుకుంది. వైరు కొస చేతిలోకి తీసుకుంది.

"ఆగండి!" డైరెక్టరు వాళ్ళ దగ్గరికి వచ్చేశాడు. మర్యాద తప్పని గొంతే, వేగం మాత్రం మారింది. "ముందు ఆ కాల్ కట్ చెయ్యండి మేడమ్. మీరేమన్నారో మీకు తెలుస్తోందా? అదంతా రికార్డయింది. ఇక ఈవిడ! డ్యూటీలో లేని మనిషి లైను ముట్టుకుంటే మీ ఇద్దరికీ ఇక్కడ ఉద్యోగముండదు. నేను మీ మేలు కోరే చెబుతున్నాను. మీరిద్దరూ ఎంత ఒత్తిడిలో ఉన్నారో నాకు అర్థమవుతోంది..."

"ఇద్దరినీ ఇంటికి పంపెయ్యకండి బాబూ," అంది అత్తగారు తలుపు దగ్గర్నుంచి. "ఇస్త్రీకి ఇంట్లో పరదాలు కూడా మిగల్లేదు."

ఎవరో నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. అత్తగారు సంచిలోంచి లేత నీలిరంగు చొక్కా తీసి, మడత చెదరకుండా అరచేతుల్లో పట్టుకుని నిలబడింది. ఎవరికీ ఇవ్వలేదు. వెనక్కీ పెట్టుకోలేదు.

చిన్నకోడలు బల్ల ముందు నిలబడి అక్కను చూస్తోంది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చింది. కానీ అది వేరొకరికి చెప్పగా, ఈ చివరనుంచి సగం విన్న జవాబు. పెద్దకోడలు ఒక చెవి మీదినుంచి హెడ్‌సెట్ పక్కకు జరిపి, ఆ మాట ఆమెకే చెప్పడానికి నోరు తెరిచింది. ఏ తరగతిలోనూ నేర్పని మాట అది. చిన్నకోడలి వేళ్ళలో వైరు కొస, బల్ల అంచుకు వెంట్రుకవాసి దూరంలో, అలాగే ఆగి ఉంది.

హెడ్‌సెట్‌లోంచి, దోమ రొదంత సన్నగా, మళ్ళీ ఆ గొంతు.

"అమ్మా? ఉన్నారా అమ్మా?"

వారి సంగతి వారు వచ్చే సంచికలో తేల్చుకుంటారు. మీ సంగతి మాత్రం అందాకా ఆగనక్కరలేదు. మీ కింద పనిచేసేవారితోనో, మీ ఇంట్లో చిన్నవారితోనో, 'నీ బాధ నాకు అర్థమైంది' అని మీరు ఆఖరిసారి ఎప్పుడన్నారో గుర్తు తెచ్చుకోండి. ఈ పత్రిక పక్కన పెట్టి, ఆ మనిషి దగ్గరికి వెళ్ళండి. ఆ బాధలో మీ వంతు ఎంతో, మీ నోటితో, వారికే చెప్పండి.